రెండు పీఎల్‌ఎల్‌లూ లాక్‌లోనే ఉన్నాయి, క్లాక్ మాత్రం కుదురుగా లేదు

నమూనా రాశారు:

అందరికీ నమస్కారం. నేను చూస్తున్న డేటా సేకరణ బోర్డులో క్లాక్ అమరిక ఇది. బయటి నుంచి వచ్చే 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ ఎఫ్‌పీజీఏ (ప్రోగ్రాం చేసుకునే లాజిక్ చిప్) గుండా వెళ్లి మొదటి పీఎల్‌ఎల్‌కు (ఒక ఆసిలేటర్‌ను రిఫరెన్స్‌తో అడుగు కలిపి నడిపే లూప్) చేరుతుంది. అది 122.88 మెగాహెర్ట్జ్ వీసీఎక్స్‌ఓను (ఓల్టేజితో కొద్దిగా జరపగల స్ఫటిక ఆసిలేటర్) అదుపు చేస్తుంది. ఆ 122.88 రెండో పీఎల్‌ఎల్‌కు రిఫరెన్స్. రెండోదానిలో చిప్ లోపలి వీసీఓ (ఓల్టేజితో ఫ్రీక్వెన్సీ మారే ఆసిలేటర్) 2949.12 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. దాన్ని 12తో భాగించి 245.76 మెగాహెర్ట్జ్ క్లాక్‌ను ఏడీసీకి (అనలాగ్ సిగ్నల్‌ను అంకెలుగా మార్చే చిప్) ఇస్తున్నాము.

నన్ను వేధిస్తున్నవి రెండు సమస్యలు. 5 మెగాహెర్ట్జ్ సిగ్నల్ ఇస్తే ఎస్‌ఎన్‌ఆర్ (సిగ్నల్‌కు, నాయిస్‌కు నిష్పత్తి) 72 డీబీ వస్తోంది, 100 మెగాహెర్ట్జ్ ఇస్తే 58కి పడిపోతోంది. ఇక రెండోది: ఇలాంటి రెండు బోర్డులకు ఒకే రిఫరెన్స్, ఒకే 100 మెగాహెర్ట్జ్ టోన్ ఇచ్చి పోల్చితే, వాటి మధ్య ఫేజ్ దాదాపు 0.1 డిగ్రీ అటూ ఇటూ ఊగుతోంది. పైగా కరెంటు తీసి మళ్లీ ఇచ్చిన ప్రతిసారీ ఆ ఫేజ్ కొత్త చోట మొదలవుతోంది.

లాక్ పిన్నులు (లూప్ రిఫరెన్స్‌తో కలిసిందని చెప్పేవి) రెండూ నిలకడగా ఉన్నాయి. మొదటి లూప్ బ్యాండ్‌విడ్త్ సుమారు 400 హెర్ట్జ్, రెండోది సుమారు 5 కిలోహెర్ట్జ్. రెండింటినీ ఇంకా సన్నగా చేస్తే క్లాక్ శుభ్రపడుతుందా?

అరపికో రాశారు:

లూప్ విలువలు ఇప్పుడే కదపకండి. మీరిచ్చిన రెండు ఎస్‌ఎన్‌ఆర్ అంకెలే చాలా సంగతి చెబుతున్నాయి.

క్లాక్ జిట్టర్ (అంచులు రావాల్సిన క్షణం నుంచి అటూ ఇటూ జరగడం) వల్ల వచ్చే ఎస్‌ఎన్‌ఆర్ హద్దు ఇన్‌పుట్ ఫ్రీక్వెన్సీ మీద ఆధారపడుతుంది. సిగ్నల్ ఎంత వేగంగా మారుతుంటే, శాంపిల్ తీసే క్షణం కొద్దిగా తప్పినా అంత పెద్ద పొరపాటు వస్తుంది. 2π, ఇన్‌పుట్ ఫ్రీక్వెన్సీ, జిట్టర్ ఈ మూడింటి లబ్ధానికి 20 లాగ్ తీసి గుర్తు మార్చితే ఆ హద్దు వస్తుంది. 100 మెగాహెర్ట్జ్ దగ్గర 58 డీబీ అంటే జిట్టర్ సుమారు 2 పికోసెకన్లు. అదే 2 పికోసెకన్లు 5 మెగాహెర్ట్జ్ దగ్గర 84 డీబీ హద్దు పెడతాయి, 72 డీబీ ఏడీసీకి అది తెలియనే తెలియదు. కాబట్టి ఏడీసీ బాగానే ఉంది, దోషం క్లాక్‌దే.

ఆ 2 పికోసెకన్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేలాలంటే స్పెక్ట్రమ్ చూడాలి. 100 మెగాహెర్ట్జ్ టోన్‌కు రెండు పక్కలా ఏముంది? సన్నని గీతలా, లేక గూనులా ఉబ్బిన నాయిస్సా? స్పెక్ట్రమ్ తీసే లెక్క, ఎఫ్‌ఎఫ్‌టీ, ఎన్ని పాయింట్లు?

పాతరేడియో రాశారు:

లాక్ పిన్ను మీద అంత భరోసా వద్దు. ఫేజ్ డిటెక్టర్ (రిఫరెన్స్‌ను, ఆసిలేటర్‌ను పోల్చే భాగం) దగ్గరి రెండు అంచులు ఒక కిటికీ లోపల ఉన్నాయా లేదా అన్నదే అది చూస్తుంది. ఆ కిటికీ చాలా చిప్‌లలో నానోసెకన్లలో ఉంటుంది. మీరు వెతుకుతున్నది అందులో వెయ్యో వంతు. ఆ కిటికీ దాటనంత వరకు లూప్ ఎంత ఊగిసలాడినా ఆ పిన్ను లాక్ అయిందనే చెబుతుంది.

నమూనా రాశారు:

ఎఫ్‌ఎఫ్‌టీ 65,536 పాయింట్లు, అంటే ఒక్కో బిన్ (స్పెక్ట్రమ్‌లో ఒక గడి) 3.75 కిలోహెర్ట్జ్. టోన్‌కు రెండు పక్కలా గూను ఉంది, మొదటి ఒకటి రెండు బిన్లలోనే శిఖరం, తర్వాత వాలుగా దిగుతూ పోతోంది. 500 కిలోహెర్ట్జ్ దూరంలో ఇరువైపులా రెండు చిన్న గీతలూ ఉన్నాయి, కాని అవి చాలా కింద ఉన్నాయి.

లూప్‌ఫిల్టరు రాశారు:

గూను 5 కిలోహెర్ట్జ్ చుట్టూ ఉంది, మీ రెండో లూప్ బ్యాండ్‌విడ్త్ కూడా 5 కిలోహెర్ట్జే. దొంగ దొరికినట్టే.

పీఎల్‌ఎల్ అన్నీ శుభ్రం చేసే యంత్రం కాదు. బ్యాండ్‌విడ్త్ లోపల అవుట్‌పుట్ రిఫరెన్స్‌ను అనుసరిస్తుంది, రిఫరెన్స్ నాయిస్ ఫ్రీక్వెన్సీ ఎన్ని రెట్లు పెరిగితే అన్ని రెట్లై బయటికి వస్తుంది. బ్యాండ్‌విడ్త్ బయట లూప్ చేతులెత్తేస్తుంది, అక్కడ వీసీఓ తన ఇష్టం. సన్నగా చేస్తే రిఫరెన్స్ చెత్త ఆగుతుంది, వీసీఓ చెత్త బయటపడుతుంది. వెడల్పు చేస్తే దీనికి తలకిందులు. ఒక లూప్‌ను సన్నగా చేయాలంటే దానిలోని ఆసిలేటర్ రిఫరెన్స్ కంటే మంచిదై ఉండాలి. మొదటి లూప్‌లో స్ఫటికం ఉన్న వీసీఎక్స్‌ఓ ఉంది కాబట్టి అక్కడ సన్నదనం చెల్లుతుంది. రెండో లూప్‌లో ఉన్నది చిప్ లోపలి ఎల్‌సీ (కాయిల్, కెపాసిటర్లతో చేసిన) వీసీఓ. దాని క్యూ (ఒకే ఫ్రీక్వెన్సీకి అంటిపెట్టుకునే గుణం) తక్కువ, దాన్ని వదిలేస్తే తిరుగుబోతు అవుతుంది. దాని పగ్గాలు మీరు 5 కిలోహెర్ట్జ్ దగ్గరే వదిలేశారు.

అంకెల్లో చూద్దాం. ఆ వీసీఓ ఫేజ్ నాయిస్ 100 కిలోహెర్ట్జ్ దూరంలో హెర్ట్జ్‌కు మైనస్ 100 డీబీసీ (అసలు టోన్‌తో పోల్చిన డీబీలు) అనుకోండి. దగ్గరికి వచ్చేకొద్దీ దశకానికి 20 డీబీ చొప్పున పెరుగుతుంది. 5 కిలోహెర్ట్జ్ నుంచి పైకి మొత్తం కలిపితే 0.02 రేడియన్లు, 2949.12 మెగాహెర్ట్జ్ దగ్గర అది సుమారు 1.1 పికోసెకన్లు. ఫేజ్ మార్జిన్ (లూప్ ఊగిసలాడకుండా ఉండే వెసులుబాటు) తక్కువైతే లూప్ అంచు దగ్గర నాయిస్ ఉబ్బుతుంది, మీరు చెప్పిన శిఖరం అదే. అది కూడా కలిస్తే 2 పికోసెకన్లు రావడంలో వింత లేదు.

ఇప్పుడు అదే లూప్‌ను 300 కిలోహెర్ట్జ్ చేయండి. వీసీఓ వాటా 0.14 పికోసెకన్లకు దిగుతుంది. బ్యాండ్‌విడ్త్ లోపలి నాయిస్ కొంత పెరుగుతుంది, కాని ఫేజ్ డిటెక్టర్ 122.88 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తోంది, ఎన్ (అవుట్‌పుట్, ఫేజ్ డిటెక్టర్ ఫ్రీక్వెన్సీల నిష్పత్తి) కేవలం 24, అంటే 27.6 డీబీ. ఇంత చిన్న గుణకంతో లోపలి నాయిస్ 2949.12 దగ్గర మైనస్ 113 చుట్టుపక్కలే ఉంటుంది. రెండూ కలిసినా 0.2 పికోసెకన్ల లోపే. లోపలి నాయిస్ గీత, వీసీఓ గీత ఒకదాన్నొకటి కోసుకునే చోటుకు దగ్గరగా బ్యాండ్‌విడ్త్ పెట్టాలి. మీ అంకెలతో అది 400 కిలోహెర్ట్జ్ పైన ఎక్కడో ఉంది, కాబట్టి 300 దగ్గర మొదలుపెట్టండి. ఫేజ్ డిటెక్టర్ ఫ్రీక్వెన్సీలో పదో వంతు దాటకూడదన్న పాత నియమం మీకు అడ్డు రాదు, 12 మెగాహెర్ట్జ్ వరకు చోటుంది.

ఫేజ్ మార్జిన్ 60 డిగ్రీలకు పైన ఉండేలా విలువలు ఎంచుకోండి. ఇంకో లాభం కూడా ఉంది. వెడల్పు లూప్‌కు కెపాసిటర్లు చిన్నవైపోతాయి, అన్నీ సీ0జీ (ఓల్టేజికి, వేడికి పెద్దగా మారని సిరామిక్) రకంలో దొరుకుతాయి.

దశాంశం రాశారు:

అసలు రెండు లూప్‌లు ఎందుకు? ఎఫ్‌పీజీఏను పక్కన పెట్టి, మంచి 10 మెగాహెర్ట్జ్ ఓసీఎక్స్‌ఓ (వేడిని స్థిరంగా ఉంచిన స్ఫటిక ఆసిలేటర్) నుంచి నేరుగా ఒక ఫ్రాక్షనల్ (పూర్ణసంఖ్య కాని ఎన్ వాడే) పీఎల్‌ఎల్‌తో 2949.12 తెచ్చుకోవచ్చు కదా? ప్రతి లూప్ తన నాయిస్ కలుపుతుంది. తక్కువ లూప్‌లు, తక్కువ తలనొప్పి.

స్ఫటికం రాశారు:

దశాంశం గారి ప్రశ్న న్యాయమైనదే. కొన్ని బోర్డులకు అదే సరైన దారి కూడా. ఇక్కడ ఎందుకు కుదరదో చెబుతాను.

10, 122.88 ఈ రెండింటికీ పూర్ణసంఖ్యల పొత్తు చాలా తక్కువ. రెండింటినీ భాగించే అతి పెద్ద ఫ్రీక్వెన్సీ 80 కిలోహెర్ట్జ్. పూర్ణసంఖ్యలతో 10 నుంచి నేరుగా 2949.12కి వెళ్లాలంటే ఎన్ 36,864 అవుతుంది, అంటే 91 డీబీ గుణకం. ఫేజ్ డిటెక్టర్ నాయిస్ మొత్తం అన్ని డీబీలు పైకి లేస్తుంది, పైగా లూప్ 8 కిలోహెర్ట్జ్ దాటి వెడల్పు కాలేదు. ఫ్రాక్షనల్ అయితే ఫేజ్ డిటెక్టర్ 10 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉంటుంది, ఎన్ 294.912, గుణకం 49 డీబీకి తగ్గుతుంది. అది మంచిదే. కాని 295కి అంత దగ్గరగా ఉన్నందున 880 కిలోహెర్ట్జ్ దూరంలో స్పర్ (అక్కర్లేని గీత) వస్తుంది. రేడియో రిసీవర్‌లో ఆ గీత ఎవరి చానెల్ మీదో పడుతుంది.

అంతకంటే పెద్ద కారణం మరొకటి. ఓసీఎక్స్‌ఓ పక్కనే ఉంటే మీ మాట సరే. ఇక్కడ రిఫరెన్స్ దూరం నుంచి వస్తోంది, దారిలో కేబుళ్లు, బఫర్లు, ఎఫ్‌పీజీఏ ఉన్నాయి. నేరుగా ఒకే లూప్ పెడితే వీసీఓను కట్టడి చేయడానికి అది వెడల్పుగా ఉండాలి, రిఫరెన్స్ చెత్తను ఆపడానికి సన్నగా ఉండాలి. ఒకే లూప్ ఈ రెండూ చేయలేదు. అందుకే మధ్యలో వీసీఎక్స్‌ఓ. దూరపు ఫ్రీక్వెన్సీ నిజం రిఫరెన్స్ నుంచి, దగ్గరి నిశ్శబ్దం వీసీఎక్స్‌ఓ నుంచి, వేగం వీసీఓ నుంచి వస్తాయి. ముగ్గురికీ పని పంచడానికి రెండు లూప్‌లు కావాలి, మొదటిది సన్నగా, రెండోది వెడల్పుగా. ఎఫ్‌పీజీఏల లోపల పీఎల్‌ఎల్‌లను వరుసగా కలిపేటప్పుడు కూడా ఇదే క్రమం పాటించాలి.

నమూనా రాశారు:

రెండో లూప్‌కు కొత్త విలువలు వేశాను. బ్యాండ్‌విడ్త్ 300 కిలోహెర్ట్జ్, ఫేజ్ మార్జిన్ 65 డిగ్రీలు. గూను మాయమైంది. 100 మెగాహెర్ట్జ్ దగ్గర ఎస్‌ఎన్‌ఆర్ 71 దాటింది. లూప్‌ఫిల్టరు గారికి ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే.

కాని రెండు బోర్డుల మధ్య 0.1 డిగ్రీ ఊగడం రవ్వంత కూడా మారలేదు. ఎస్‌ఎన్‌ఆర్ ఇంత బాగుపడినా ఫేజ్ ఎందుకు కుదురుకోలేదు?

అరపికో రాశారు:

మారకపోవడమే సరి. మీ ఎఫ్‌ఎఫ్‌టీ ఒక్కోసారి 267 మైక్రోసెకన్ల ముక్కను చూస్తుంది. అంతకంటే నెమ్మదిగా కదిలే ఫేజ్ ఆ ముక్కలో నిలిచి ఉన్నట్టే కనిపిస్తుంది, అదంతా టోన్ ఉన్న బిన్‌లోనే కలిసిపోతుంది. 3.75 కిలోహెర్ట్జ్ లోపలి జిట్టర్‌ను ఎస్‌ఎన్‌ఆర్ అంకె అసలు చూడదు. బోర్డుల పోలిక మాత్రం సెకన్ల తరబడి చూస్తుంది. అంటే ఇప్పుడు మిగిలిన దోషం టోన్‌కు అతి దగ్గరగా ఉంది. అది మొదటి లూప్ ఇలాకా.

డేటాషీట్లలో జిట్టర్ అంకె చూసేవారికి కూడా ఇదే మాట. 12 కిలోహెర్ట్జ్ నుంచి 20 మెగాహెర్ట్జ్ వరకు అని రాసి ఉంటే, ఆ 12 కిలోహెర్ట్జ్ లోపల ఏం జరుగుతోందో ఆ అంకె చెప్పదు. ఆ హద్దులు ఆప్టికల్ టెలికాం లింకుల అవసరాల నుంచి వచ్చాయి. మీ పని అది కానప్పుడు మీ హద్దులు మీరే పెట్టుకోవాలి.

స్ఫటికం రాశారు:

మొదటి లూప్‌లో చాలామంది కంటికి ఆనని ఒక సంగతి ఉంది. 10 మెగాహెర్ట్జ్‌ను మీరు 125తో భాగించి 80 కిలోహెర్ట్జ్ చేస్తున్నారు, వీసీఎక్స్‌ఓను 1536తో భాగిస్తున్నారు. డివైడరు ప్రతి 125 అంచుల్లో ఒకదాన్నే తీసుకుంటుంది. ఆ అంచు మీద ఉన్న జిట్టర్ మాత్రం తగ్గదు.

ఎఫ్‌పీజీఏ పిన్ను నుంచి వచ్చే అంచులో 20 పికోసెకన్ల జిట్టర్ ఉందనుకుందాం, అది 5 మెగాహెర్ట్జ్ వరకు సమంగా పరుచుకుని ఉందనుకుందాం. భాగించాక అదే 20 పికోసెకన్లు 40 కిలోహెర్ట్జ్ లోపల మడతపడి కూర్చుంటాయి. సాంద్రత 125 రెట్లు పెరిగింది. మీ లూప్ 400 హెర్ట్జ్, అంటే 40,000లో నూరో వంతు. నూరో వంతు శక్తి అంటే పదో వంతు జిట్టర్, అది 2 పికోసెకన్లు. రెండు బోర్డులవి కలిస్తే 2.8. 100 మెగాహెర్ట్జ్ దగ్గర 2.8 పికోసెకన్లంటే సరిగ్గా 0.1 డిగ్రీ. మీ కొలతతో కలిసింది చూడండి. ఇదే రిఫరెన్స్‌ను భాగించకుండా 10 మెగాహెర్ట్జ్ దగ్గరే పోల్చగలిగి ఉంటే, 400 హెర్ట్జ్ లూప్‌తోనైనా 0.2 పికోసెకన్ల లోపే ఉండేది.

చేయాల్సినవి రెండు. మొదటిది, ఎఫ్‌పీజీఏను రిఫరెన్స్ దారి నుంచి తప్పించండి. లోపల లాజిక్ మారినప్పుడల్లా సరఫరా కదులుతుంది, దానితో అంచు కదులుతుంది. అన్నిటికంటే శుభ్రంగా ఉండాల్సిన సిగ్నల్‌ను బోర్డులో అన్నిటికంటే రద్దీ ఉన్న చిప్ గుండా పంపడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు. రెండోది, లూప్‌ను 40 హెర్ట్జ్ చేయండి. దానితో 2 పికోసెకన్లు 0.6 అవుతాయి. ఇంకా కిందికి పోతే వీసీఎక్స్‌ఓ సొంత ఊగిసలాట బయటపడుతుంది, దాని ఫేజ్ నాయిస్ 10 హెర్ట్జ్ దగ్గర బాగా నిటారుగా లేస్తుంది. ఎఫ్‌పీజీఏను తప్పించాక రిఫరెన్స్ శుభ్రపడుతుంది కాబట్టి తిరిగి 100 హెర్ట్జ్‌కు పెంచుకోవడమే మేలు కావచ్చు. కొలిచి చూడండి.

లూప్‌ఫిల్టరు రాశారు:

బ్యాండ్‌విడ్త్ పది రెట్లు తగ్గించేటప్పుడు ఒక చిట్కా. చార్జ్ పంప్ (లూప్ ఫిల్టరులోకి కరెంటు తోసే భాగం) కరెంటు పదో వంతు చేసి, రెసిస్టర్ అలాగే ఉంచితే కెపాసిటర్ పది రెట్లు పెంచితే చాలు. కరెంటు మార్చకుండా రెసిస్టర్ తగ్గిస్తే కెపాసిటర్ వంద రెట్లు కావాలి.

కాని కరెంటు తగ్గితే లీకేజీ ప్రభావం పెరుగుతుంది. కెపాసిటర్ లీకేజీ, బోర్డు మీద కడగకుండా వదిలేసిన ఫ్లక్స్, వీసీఎక్స్‌ఓ కంట్రోల్ పిన్ను తాగే కరెంటు అన్నీ కలిసి లూప్‌ను కొద్దిగా పక్కకు లాగుతాయి. ఆ లాగుడు వేడితో మారుతుంది, బోర్డుల మధ్య ఫేజ్ గంటల తరబడి మెల్లగా జరుగుతుంది. ఈ లూప్‌లో ఎక్స్7ఆర్ సిరామిక్ కెపాసిటర్లు వద్దు. బోర్డును వేలితో తడితే వాటిలో ఓల్టేజి పుడుతుంది, ఫ్యాన్ తిరిగినా పుడుతుంది. ఫిల్మ్ రకం పెట్టండి, చోటు ఎక్కువ తిన్నా సరే.

అరపికో రాశారు:

ఇక కరెంటు ఇచ్చిన ప్రతిసారీ ఫేజ్ కొత్త చోట మొదలవడం. దీనికి లూప్ ఫిల్టరుతో సంబంధం లేదు, ఎంత మంచి విలువలు వేసినా పోదు.

125 డివైడరు ఏ అంచు దగ్గర లెక్క మొదలుపెడుతుందో ఎవరూ చెప్పడం లేదు. రెండు బోర్డుల్లో అది వేర్వేరు అంచుల దగ్గర మొదలైతే, వాటి 80 కిలోహెర్ట్జ్‌ల మధ్య 100 నానోసెకన్ల గుణిజమేదో తేడా ఉంటుంది. 100 నానోసెకన్లలో 245.76 మెగాహెర్ట్జ్ క్లాక్ 24.576 చుట్లు తిరుగుతుంది. ఆ 0.576 వల్ల అవుట్‌పుట్ ఫేజ్ 125 చోట్లలో ఏదో ఒక చోట వాలుతుంది. చివరనున్న 12 డివైడరు కూడా తన వంతు 12 చోట్లు కలుపుతుంది. మొత్తం 1500. ఏ రెండుసార్లూ కలవకపోవడం మామూలే.

రెండు బోర్డులకూ ఒకే సింక్ పల్స్ ఇచ్చి డివైడర్లన్నిటినీ ఒకే రిఫరెన్స్ అంచు మీద రీసెట్ చేయాలి. క్రమం ముఖ్యం. ముందు ఆర్ డివైడరు (రిఫరెన్స్‌ను 125తో భాగించేది), మొదటి లూప్ లాక్ అయి కుదురుకున్నాక అవుట్‌పుట్ డివైడరు. ఏడీసీ డేటాను పంపే సీరియల్ లింక్ ప్రమాణం జెఈఎస్‌డీ204బీలో సిస్‌రెఫ్ అనే సిగ్నల్ చేసేది కూడా ఇలాంటి పనే, చిప్‌ల లోపలి లెక్కలను ఒకే క్షణం మీద కలపడం. రిఫరెన్స్‌ను మార్చే అవకాశం ఉంటే 30.72 మెగాహెర్ట్జ్ తీసుకోండి. 122.88కి అది సరిగ్గా నాలుగో వంతు. ఆర్ డివైడరు అక్కర్లేదు, మడతపడే జిట్టర్ ఉండదు, 125 చోట్ల గొడవ ఉండదు.

పాతరేడియో రాశారు:

రెండో లూప్ గురించి ఒక హెచ్చరిక. చిప్ లోపలి వీసీఓ మొదలయ్యేటప్పుడు తన కెపాసిటర్ బ్యాండ్‌ను ఎంచుకుంటుంది. ఆ క్షణంలో వీసీఎక్స్‌ఓ ఇంకా కుదురుకోకపోతే పక్క బ్యాండ్ ఎంచుకోవచ్చు. లాక్ అవుతుంది, బాగానే నడుస్తుంది, బోర్డు వేడెక్కాక కంట్రోల్ ఓల్టేజి అంచుకు చేరి లాక్ జారిపోతుంది. 40 హెర్ట్జ్ లూప్ కుదురుకోవడానికి ఇప్పటికంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది. ఎఫ్‌పీజీఏలోని వేచి ఉండే సమయాన్ని కూడా పెంచండి, ఆ తర్వాతే ఈ బ్యాండ్ ఎంపిక, అంటే కాలిబ్రేషన్, చేయించండి.

లూప్‌లు రెండుతో ఆగనప్పుడు ఇంకో బాధ ఉంది. ఈ రకం లూప్ ప్రతిదీ తన బ్యాండ్‌విడ్త్ అంచు దగ్గర జిట్టర్‌ను కొద్దిగా పెంచి పంపుతుంది. ఒక్క లూప్‌లో అది పట్టించుకోదగినంత ఉండదు. ఒకే బ్యాండ్‌విడ్త్ ఉన్నవి వరుసగా పెడితే తిలాపాపం తలా పిడికెడు, చివరి పెట్టె దగ్గర మొత్తం పోగవుతుంది. టెలికాం వాళ్లు ఇది చాలా కాలంగా చూస్తున్నారు. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ప్రమాణం జీ.813 ఒక్కో క్లాక్‌కు 0.2 డీబీ మించి ఉబ్బు ఉండకూడదంటుంది. జీ.803 రెండు పెద్ద సింక్ యూనిట్ల మధ్య అలాంటి క్లాక్‌లు 20 మించి గొలుసుకట్టవద్దంటుంది. ఒక్కోటి 0.2 చొప్పున ఇరవై అంటే 4 డీబీ. మీ బోర్డు నుంచి ఇంకో బోర్డుకు, దాన్నుంచి మరో బోర్డుకు రిఫరెన్స్ అందించే ఆలోచన ఉంటే మానుకోండి. ఒకే మూలం నుంచి అన్ని బోర్డులకూ విడివిడిగా పంచండి.

నమూనా రాశారు:

రిఫరెన్స్ మార్చడం ఈ బోర్డులో కుదరదు, ఎఫ్‌పీజీఏను తప్పించాలన్నా ట్రేస్ (బోర్డు మీది రాగి గీత) కోయాలి. ముందుగా లూప్‌ను 40 హెర్ట్జ్ చేశాను, ఫిల్మ్ కెపాసిటర్లు వేశాను, సింక్ పల్స్ పెట్టాను. ఊగడం సుమారు 0.04 డిగ్రీలకు తగ్గింది. కరెంటు తీసి ఇచ్చినా ఫేజ్ అదే చోటికి వస్తోంది. వీసీఎక్స్‌ఓ కుదురుకున్నాకే వీసీఓ కాలిబ్రేషన్ జరిగేలా క్రమం మార్చాను.

గూను పోయాక ఆ 500 కిలోహెర్ట్జ్ గీతలు స్పష్టంగా బయటపడ్డాయి. బోర్డు మీది స్విచింగ్ రెగ్యులేటరు కూడా 500 కిలోహెర్ట్జే. రెండో లూప్‌ను ఇంకా వెడల్పు చేసి వాటిని అణచాలా?

లూప్‌ఫిల్టరు రాశారు:

వద్దు. 300 నుంచి 400 కిలోహెర్ట్జ్‌కు జరిపినా 500 దగ్గర లూప్ చేయగలిగే సాయం లేదు. అది సరఫరా దగ్గరే తేల్చుకోవాల్సిన తగాదా.

వీసీఓ సరఫరా ఒక ఓల్టు మారితే ఫ్రీక్వెన్సీ 1 మెగాహెర్ట్జ్ జరుగుతుందనుకోండి. 1 మిల్లీఓల్టు అలజడి 1 కిలోహెర్ట్జ్ జరుపుతుంది. దాన్ని 500 కిలోహెర్ట్జ్ రెండింతలతో భాగిస్తే వెయ్యో వంతు, అంటే వీసీఓ దగ్గర మైనస్ 60 డీబీసీ. 12తో భాగించాక 21.6 తగ్గి మైనస్ 81.6. 100 మెగాహెర్ట్జ్ టోన్ మీద ఇంకో 7.8 తగ్గి మైనస్ 89 దగ్గర కనిపిస్తుంది. ఎస్‌ఎన్‌ఆర్‌కు ఇది చీమకుట్టినంత కూడా కాదు. రిసీవర్‌గా వాడేటట్టయితే మాత్రం అడ్డే.

వీసీఓ సరఫరాకు విడిగా ఒక ఎల్‌డీఓ (స్విచింగ్ లేని లీనియర్ రెగ్యులేటరు) పెట్టండి. దాని వడపోత శక్తిని 1 కిలోహెర్ట్జ్ దగ్గర కాదు, 500 కిలోహెర్ట్జ్ దగ్గర చూడండి. చాలా ఎల్‌డీఓలు అక్కడికి వచ్చేసరికి నీరసపడతాయి, ముందు ఒక ఫెరైట్ బీడు (పై ఫ్రీక్వెన్సీలను ఆపే చిన్న భాగం), కెపాసిటర్ కావాలి. రెగ్యులేటరు ఇండక్టర్ వీసీఓ చిప్‌కు దగ్గరలో ఉంటే అయస్కాంతంగా కూడా చేరుతుంది, అప్పుడు ఎన్ని ఎల్‌డీఓలు పెట్టినా గీత కదలదు. తేల్చుకోవడానికి వీసీఓ సరఫరాను తాత్కాలికంగా బ్యాటరీ నుంచి ఇచ్చి చూడండి.

నమూనా రాశారు:

బ్యాటరీ పెట్టి చూశాను. గీతలు 15 డీబీ తగ్గాయి, పూర్తిగా పోలేదు. అంటే ఎక్కువ భాగం తీగల గుండా, కొంత ఇండక్టర్ నుంచి వస్తోంది. ఇప్పటికి ఎల్‌డీఓ ముందు బీడు చేరుస్తాను. వచ్చే బోర్డులో రిఫరెన్స్ 30.72, ఎఫ్‌పీజీఏ దారిలో ఉండదు, రెగ్యులేటరును ఎదురు మూలకు జరుపుతున్నాను. ఆ లేఅవుట్ సిద్ధమయ్యాక ఇక్కడే పెడతాను, గ్రౌండ్ గురించి మీ అందరి అభిప్రాయం కావాలి.

స్ఫటికం రాశారు:

తప్పకుండా పెట్టండి. వీసీఎక్స్‌ఓ కింద రాగి పొర ఎలా ఉందో, కంట్రోల్ ఓల్టేజి ట్రేస్ ఎంత పొడవుందో కనిపించేలా పెట్టండి. ఆ ట్రేస్ మీద పడే ప్రతి మైక్రోఓల్టూ 122.88ని జరుపుతుంది. లూప్ ఫిల్టరు చివరి కెపాసిటర్ వీసీఎక్స్‌ఓ పిన్నుకు ఆనుకుని ఉండాలి, దాని గ్రౌండ్ కూడా వీసీఎక్స్‌ఓ గ్రౌండ్ దగ్గరే కలవాలి.